సోది ఆపు

ముప్ఫయ్యేళ్ళుగా మా ఆవిడ అప్పలకొండ మీద నాకు కోపం. కారణం ఒక వెదురుచేట.

మంగళవారం, శుక్రవారం నా ఇంట్లో నాకే కూర్చునే చోటుండదు. సుభాష్‌పల్లిలో మాది రెండు గదుల ఇల్లు. ముందుగదిలో ఆవిడ, ఆవిడ ముందు చేట, చేటకి ఇవతల ఎవరో ఒకరు ముక్కు చీదుకుంటూ. వరండాలో తమ వంతు వస్తే ఏడుద్దామని వరసగా కూర్చున్నవాళ్ళు. నేను వంటగదిలో పీట మీద. ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో ముప్ఫయ్యారేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన నూకరాజుకి తన సొంత ఇంట్లో దక్కిన చోటు గ్యాసు బండ పక్కన. టీ కావాలన్నా గుసగుసగా అడగాలి.

"నెమ్మదయ్యా, అమ్మోరు పలుకుతున్నాది," అంటుంది కర్టెన్ అవతల నుంచి.

పలికేది అమ్మోరు కాదు. ఆ ఏడుపుగొట్టు మొహాలు. అదే నా ఒళ్ళు మండే సంగతి.

అసలు సోది అనే మాటే చూడండి. మా విజయనగరం వైపు దానికి రెండు అర్థాలు. చేటలో బియ్యం పోసి, అమ్మవారిని పిలిచి, మనిషి మనసులో ఉన్నదీ ముందు జరగబోయేదీ చెప్పడం సోది. పనికిమాలిన కబుర్లు చెప్పడం కూడా సోదే. నా మటుకు నాకు రెండూ ఒకటే. కార్ఖానాలో నా కింద పనిచేసినవాళ్ళని అడగండి, నా నోట రోజుకి వందసార్లు వచ్చే మాట ఏమిటని. "సోది ఆపు." ఎవడైనా సెలవు కోసం కథలల్లితే సోది ఆపు. యూనియన్ వాళ్ళు ఉపన్యాసం మొదలుపెడితే సోది ఆపు. ఇంట్లోనూ అంతే.

అప్పలకొండ సోది ఎలా చెబుతుందో చెప్తాను, మీకూ మండుతుంది. ఆవిడ ఏమీ చెప్పదు! వాళ్ళ అమ్మమ్మ చీపురుపల్లిలో పేరున్న సోదమ్మ. ఊరూరి అమ్మవార్ల పేర్లు పాడుతూ, ఊగుతూ, ఎదుటివాళ్ళ గుట్టు తనే బయటపెట్టేదట. మనవరాలికి ఆ పాటా నేర్పింది, పెళ్ళయి ఇక్కడికి వస్తుంటే చేటా ఇచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో పక్కనున్న ఇందా పేట నుంచి ఒక బెంగాలీ ఆవిడ వచ్చింది, సోది గురించి ఎవరో చెబితే విని. అప్పలకొండకి అప్పటికి బెంగాలీ ఒక్క ముక్క రాదు. వచ్చినావిడ చేటలో బియ్యం పోసి, వాటి మీద చెయ్యి పెట్టి, మాట్లాడటం మొదలుపెట్టింది. నాకు మీ భాష రాదని చెప్పడానికి ఈవిడకి సిగ్గు. ఆవిడ ఆగినప్పుడల్లా "ఊఁ" అంది. గంటన్నర. నేను అప్పుడే డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆ మనిషి కళ్ళు తుడుచుకుని, అప్పలకొండ కాళ్ళకి దణ్ణం పెట్టి, తేలిక పడ్డ మొహంతో వెళ్ళింది. తరవాతి వారం చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చింది. అర్థంకాక ఊ కొట్టిన మనిషిని పట్టుకుని, తెలుగు దీదీకి అన్నీ తెలుసని ఇందా అంతా చెప్పుకున్నారు.

ఆ రోజు నుంచి పాట పోయింది, ఊగడం పోయింది. బెంగాలీ వచ్చాక కూడా పద్ధతి మార్చలేదు. వచ్చినవాళ్ళు చెప్పాలి, ఆవిడ ఊ కొట్టాలి. ముప్ఫయ్యేళ్ళుగా ఒక్క అక్షరంతో వ్యాపారం! అంతా విన్నాక చివర్లో ఒకటో రెండో మాటలు. "ఇంటికెల్లి అన్నం తిను." "ఈ మాట మీ అత్తకే సెప్పు, నాకు కాదు." మనిషి మరీ పాడైపోయి ఉంటే, "ఆస్పత్రికెల్లు, అమ్మోరి ఆజ్ఞ. ఇచ్చిన మాత్తర్లు మానకు, మానితే అమ్మోరికి కోపం వస్తాది." ఏ అమ్మవారు నిద్రమాత్రల గురించి మాట్లాడుతుందండీ?

పోయిన ఏడాది హిజ్లీ నుంచి చరిత అని ఒక పిల్ల వచ్చింది, అక్కడ కాలేజీలో చదువుకుంటోందట. రెండు గంటలు ఏడ్చి, వెళ్ళేటప్పుడు నాతో, "అంకుల్, ఆంటీ చేసేది కౌన్సెలింగ్. తెలుసా మీకు?" అంది. కౌన్సెలింగట, నా బొంద. నువ్వు ఏడ్చినంతసేపూ నా అన్నం చల్లారిపోయిందమ్మా అన్నాను.

వచ్చేవాళ్ళలో నాకు అందరికంటే చిర్రెత్తించేవాడు జాకబ్. రైలింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నాకు పాత స్నేహితుడే. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేవాడు, మంగళవారం దొడ్డిదారిన మా ఇంట్లోకి వచ్చి, జేబురుమాలులో కట్టిన బియ్యం విప్పి చేట ముందు కూర్చునేవాడు. ఎప్పుడో సర్వీసులో ఉండగా అతని బండి కింద ఒక మనిషి పడ్డాడు. ఏటా ఆ నెల వచ్చేసరికి ఇతనికి నిద్ర పట్టదు. "ఏరా, ప్రార్థన చేసుకోరాదా, ఇక్కడ మా అమ్మోరి దగ్గర నీకేం పనిరా," అని ఒకసారి ఎగతాళి చేశాను.

"దేవుడికి రోజూ సెప్తున్నానన్నా. ఆయన ఊఁ అనడు గదా," అన్నాడు.

సోదికి ఒక నియమం ఉంది. చేటలో పోసే బియ్యం బయటింటివై ఉండాలి. సొంతింటి బియ్యం పలకవు. అందుకే సోదమ్మ తన ఇంటివాళ్ళకి సోది చెప్పకూడదని అప్పలకొండకి వాళ్ళ అమ్మమ్మ ఒట్టు వేయించింది. ఆ నియమం విన్నప్పుడల్లా నేను నవ్వేవాణ్ణి. నా ఇంట్లో సోది అడిగే దౌర్భాగ్యులు ఎవరున్నారని.

పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి మాకు శ్రావణి పుట్టింది. ఒక్కతే. రెండేళ్ళ కిందట దానికి రైల్వేలో లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర ఉద్యోగం వచ్చింది. బండి వస్తోందని స్టేషన్ నుంచి ఫోను వస్తే గేటు మూయడం, బండి పోయేటప్పుడు పచ్చజెండా పట్టుకుని నిలబడటం, మళ్ళీ గేటు తెరవడం. మా నాన్న గ్యాంగ్‌మ్యాన్, నేను ఫిట్టరు, నా కూతురు గేటు! వీధంతా మిఠాయి పంచాను.

ఈ వానాకాలంలో ఒక రోజు పొద్దున్న దాని డ్యూటీలో, మూసిన గేటు కిందనుంచి దూరి ఒక ఆడమనిషి బండికి ఎదురెళ్ళింది. పోలీసులు వచ్చారు, ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మధ్యాహ్నం మూడింటికి శ్రావణి యూనిఫాంతోనే ఇంటికి వచ్చింది. చేతిలో ఏదో గుడ్డసంచి. దారిలో కూరగాయలు కొన్నదనుకున్నాను. వరండాలో కూలబడింది.

"నాన్నా, ఆవిడ నన్నొకటి అడిగినాది," అంది.

నా బుర్రలో అప్పుడు ఎంక్వైరీ తప్ప ఇంకేమీ లేదు. ముప్ఫయ్యారేళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్నది ఒక్కటే. ఎంక్వైరీలో ఎక్కువ మాట్లాడినవాడు మునిగిపోతాడు. అడిగినదానికి జవాబు చెప్పి, సంతకం పెట్టి, బయటికి వచ్చేయాలి.

"సోది ఆపు," అన్నాను. "ఫోను వచ్చినాక గేటు మూసినావా?"

"మూసినాను."

"రిజిస్టర్లో రాసినావా?"

"రాసినాను."

"జెండా పట్టుకున్నావా?"

అది నా మొహం చూసింది. "పట్టుకున్నాను నాన్నా, కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. అంతే నీ స్టేట్‌మెంట్. ఆవిడేటి అడిగినాదో, నువ్వేటి సెప్పినావో ఎవులికి గావాల? అడిగినదానికే జవాబు సెప్పు. మిగతాది మింగీ."

మింగేసింది. పక్కన కూర్చుని నేనే రాయించాను. ఎంక్వైరీలో దాని మీద ఒక్క తప్పు కూడా ఎవరూ పట్టలేకపోయారు. ఆ కాగితం నకలు చూసుకుని మురిసిపోయాను. నా తెలివి మండిపోను.

ఆ తరవాత శ్రావణి నోరు మూతపడిపోయింది. మొదట్లో ఊ, ఆ అనేది. తరవాత అదీ లేదు. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేది. సిక్ లీవు పెట్టి గోడకేసి చూస్తూ మంచం మీద కూర్చునేది. మా వీధికి రైలు కూత వినిపిస్తుంది. వినిపించగానే లేచి నిలబడేది. నిలబడి కుడిచెయ్యి ముందుకి చాచేది, ఖాళీ చెయ్యి. కూత ఆగిపోయాక కూడా చాలాసేపు దించేది కాదు. ఇది చాలనట్టు ఇంట్లో ఏదో కుళ్ళిన కంపు. వెనకగదిలో ఎలక చచ్చిందనీ, చేట ముందు కూర్చోవడమే గాని ఇల్లు ఊడ్చుకోవడం తెలియదనీ అప్పలకొండ మీద ఎగిరాను.

ఒక రోజు పది గంటలప్పుడు చూస్తే మంచం మీద శ్రావణి లేదు. అప్పలకొండ చెప్పుల్లేకుండా పరిగెత్తింది. పట్టాల వైపు సందులో నడుస్తున్నదాన్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. నాకు భయం వేస్తే కోపం వస్తుంది. ఆ పూట ఇంట్లో ప్రతి వస్తువు మీదా అరిచాను.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన దాన్ని అడిగాడు, నిద్ర పడుతోందా అని. "పట్టట్లేదు సార్," అన్నాను. తిండి? "తినట్లేదు సార్," అన్నాను. మీరు కొంచెం బయట కూర్చోండి అన్నాడు. కన్నతండ్రిని! బయట బెంచీ మీద కూర్చుని పళ్ళు నూరుకున్నాను. లోపల అది ఆయనతోనూ ఒక్క మాట అనలేదట. మాత్రలు రాసి, "వీటితో నిద్ర వస్తుంది. మాట మాత్రం తనే చెప్పాలి. ఎవరితోనైనా సరే. వదిలిపెట్టకండి, ఒంటరిగా ఉంచకండి," అన్నాడు.

మాత్రలు వేసుకుంది, నిద్రపోయింది. మాట రాలేదు.

మూడోవారం శుక్రవారం నాకు పిచ్చెక్కింది. వరండా నిండా జనం. లోపల ఎవరో తోడికోడలి గురించి ఏడుస్తోంది, మా ఆవిడ ఊఁ, ఊఁ అంటోంది. వెనకగదిలో నా కూతురు గోడకేసి చూస్తోంది. అరికాలి మంట నెత్తికెక్కింది. కర్టెన్ లాగి ముందుగదిలోకి వెళ్ళాను.

"ఊరందరి ఏడుపూ వింటావు. కన్నకూతురు సచ్చిపోతన్నాది, దాని నోటి నుంచి ఒక్క మాట లాగలేవేటి? ఏటికే నీ సోది? ఎవుల్ని ఉద్ధరించడానికి?"

చేట ఎత్తి వాకిట్లోకి విసిరేశాను. బియ్యం వరండాలో కూర్చున్నవాళ్ళ ఒళ్ళో పడ్డాయి. అప్పలకొండ లేచి వెళ్ళి చేట తెచ్చుకుంది. అంచు విరిగింది. దాని మీద చెయ్యి రాస్తూ, నా మొహం చూడకుండా అంది.

"ఇంటి బియ్యం పలకవయ్యా. అడగనేదనుకున్నావేటి? రోజూ అడుగుతన్నాను. నేను అడిగితే తల్లినే అవుతాను గదా. నోరు తెరిసేలోగా ఏడుస్తాను. నా ఏడుపు సూసి అది మళ్ళీ మింగీస్తాది."

తోడికోడలి ఆవిడ లేచి నెమ్మదిగా బయటికి జారుకుంది. నేను వంటగదిలోకి వెళ్ళి పీట మీద కూర్చున్నాను. ఆ పూట కూడా తప్పు అప్పలకొండదే అనుకున్నాను.

మంగళవారం జాకబ్ వచ్చాడు. ఈసారి దొడ్డిదారిన కాదు, అందరూ చూస్తుండగా ముందునుంచే. నా పక్కనుంచి నడిచి శ్రావణి గదిలోకి వెళ్ళి, దాని ఒళ్ళో జేబురుమాలు మూట పెట్టాడు.

"ఇయి మా ఇంటి బియ్యం తల్లీ. పట్టుకెల్లి వరసలో కూసో."

నాకు మండిపోయింది. "ఏట్రా జాకబూ! నా ఇంట్లోకొచ్చి నా కూతురికి నువ్వు సెప్పేదేట్రా? దాని సంగతి నీకేటి తెలుసు?"

అతను నాకేసి తిరిగాడు. ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు, అప్పుడూ పెంచలేదు.

"నా బండి కింద పడినోడు ఆకర్న నన్ను సూసినాడన్నా. నా కళ్ళల్లోకి. ఆ మాట ముందుగాల నీకే సెప్పబోయినాను. కార్ఖానా గేటు కాడ, టీ కొట్లో. గేపకం ఉన్నాదా?"

"లేదు," అన్నాను.

"సోది ఆపు అన్నావు."

నిజంగానే గుర్తులేదు. ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు. అతను వెళ్ళిపోయాడు.

శ్రావణి ఆ మూటని ఒళ్ళోంచి చేతుల్లోకి తీసుకుంది. తరవాత లేచింది. వరండాలోకి వెళ్ళి, ఇందా నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళ వెనక కూర్చుంది. ఇంటి పిల్ల కదా, ముందు వెళ్ళమ్మా అని వాళ్ళు అనబోతే తల అడ్డంగా ఊపింది. తన వంతు వచ్చేదాకా అక్కడే ఉంది. నేను వంటగదిలో పీట మీద ఉన్నాను. మధ్యలో కర్టెన్ ఒక్కటే.

అది వెళ్ళి విరిగిన చేట ముందు కూర్చుంది. కర్టెన్ సందులోంచి అప్పలకొండ మొహం కనిపిస్తోంది. కూతుర్ని చూసి ఒక్క క్షణం తడబడింది. తరవాత కొత్తవాళ్ళని అడిగినట్టే అడిగింది.

"ఎవులమ్మా నువ్వు? ఎవులింటి బియ్యం?"

మూడు వారాలయింది దాని గొంతు విని.

"జాకబ్ బాబాయింటివి."

"పొయ్యి. సెయ్యెట్టు. సెప్పు."

చేటలో బియ్యం పడిన చప్పుడు వినిపించింది.

"ఆవిడ నన్ను టైమడిగినాది," అంది శ్రావణి.

"ఊఁ."

"గేటు మూసినాక వచ్చినాది. పసుప్పచ్చ సీర. సేతిలో సంచి, సంచి నిండా బెండకాయలు. దీదీ, గాడీ కఖోన్ ఆష్‌బే అన్నాది. బండి ఎప్పుడొస్తాదని."

"ఊఁ."

"అయిదు నిమిషాల్లో వస్తాదన్నాను. ఠీక్ ఆఛే అని నవ్వినాది. నేను కూడా నవ్వినాను."

"ఊఁ."

"గేటు దాటడానికి అడిగినాదనుకున్నాను. అయిదు నిమిషాలూ నా పక్కనే నిలబడినాది. ఏ ఊరని అడగొచ్చు. బెండకాయలు ఎక్కడ కొన్నావని అడగొచ్చు. డూటీలో ఉన్నానని ఏటీ అడగనేదు."

"ఊఁ."

"బండి వచ్చినాది. సంచి నా కాళ్ళ కాడ పెట్టి, వంగి, గేటు కిందనుంచి ఎల్లిపోయినాది. నా కుడిసేతిలో పచ్చజెండా. ఎర్రది ఎడంసేతిలోనే సుట్టి ఉన్నాది. ఇప్పడం గేపకం రానేదు. బండి మొత్తం ఎల్లినదాకా పచ్చజెండా పట్టుకునే నిలబడినాను. దించనేదమ్మా. దించనేదు."

అప్పలకొండ ఊఁ అంది. సగం గొంతులోనే ఉండిపోయింది.

"మా నాన్నకి సెప్పబోయినాను. సోది ఆపన్నాడు. అడిగినదానికే జవాబు సెప్పమన్నాడు." శ్రావణి ఊపిరి తీసుకుంది. "ఎవులూ అడగనేదు."

అక్కడ ఆగింది. ఊఁ కోసం ఆగింది.

రాలేదు. అప్పలకొండ నోట్లో కొంగు కుక్కుకుని, తల వంచుకుని కదిలిపోతోంది. ఊరందరికీ కొట్టిన ఊ, కన్నకూతురి దగ్గరికి వచ్చేసరికి రావడంలేదు. శ్రావణి వీపు నాకు కనిపిస్తోంది. బియ్యం మీద పరిచిన దాని చెయ్యి నెమ్మదిగా ముడుచుకోవడం మొదలైంది. మూడు వారాల కిందట వరండాలో కూడా అది ఇలాగే ముడుచుకుంది. అప్పుడు చూసి కూడా నేను సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను.

కోపం తన్నుకొచ్చింది. ఎవరి మీద చూపించాలా అని వెతికాను. ఆ పసుప్పచ్చ చీర ఆవిడ మీదా? జాకబ్ మీదా? అప్పలకొండ మీదా? వంటగదిలో నేను తప్ప ఎవరూ లేరు.

"ఊఁ," అన్నాను.

గొంతు బొంగురుపోయి అది మాటలా లేదు, దగ్గులా ఉంది. శ్రావణి వెనక్కి తిరగలేదు. మళ్ళీ అన్నాను, కర్టెన్ అవతలికి వినిపించేలా, గట్టిగా.

"ఊఁ. సెప్పమ్మా."

దాని చెయ్యి బియ్యం మీద మళ్ళీ విప్పారింది.

"ఎలక కాదు నాన్నా," అంది శ్రావణి. "ఆవిడ సంచి నా మంచం కింద ఉన్నాది."